నడుముకు ఏ రివాల్వర్ నప్పుతుందండీ?

రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక తుపాకుల షాపులో నేను ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మొదట మరమ్మతులు చేసే మెకానిక్‌ని. తరవాత కౌంటర్ కూడా చూశాను. ఓనరు రాజు గారు కాలం చేశాక, వాళ్లమ్మాయి తరఫున చివరి ఆరేళ్లు షాపంతా నేనే నడిపాను. పోయిన ఏడాది మానేశాను.

మా నాన్న లూథరన్ మిషన్ స్కూల్లో టీచరు. నేను తుపాకుల షాపులో చేరుతున్నానని తెలిసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం తింటూ, "రిపేర్ చేసేవాడివా, అమ్మేవాడివా?" అని అడిగారు. "రిపేరే నాన్నా" అన్నాను. అప్పటికి అది నిజమే.

ఇప్పుడు షాపులో చేరిన ఇద్దరు కొత్తవాళ్లు, "ఏం తెలుసుకోవాలో రాసిపెట్టండి సార్" అని అడిగారు. రిజిస్టర్లు ఎలా రాయాలో, లైసెన్సులో ఏ గడి ఎలా చూడాలో నెల రోజుల్లో వాళ్లకే వస్తుంది. అది నేను చెప్పక్కర్లేదు. అసలు పని వేరే ఉంది. దాని గురించే ఇది.

ముందు మనిషిని చూడటం

మా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రాణభయం ఉందని కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకుని, పోలీసు ఎంక్వైరీ అయ్యాక లైసెన్సు చేతపట్టుకుని వస్తారు. వాళ్లలో ఎక్కువమంది తీసుకునేది పాయింట్ థర్టీ టూ సైజు తూటా పట్టేది. అందులో రివాల్వర్ ఒకటి, పిస్టల్ ఒకటి. రివాల్వర్‌లో తూటాలు గుండ్రంగా తిరిగే చక్రంలో ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే చాలు, చక్రం అదే తిరుగుతుంది. కాకపోతే ట్రిగ్గర్ బరువు, వేలితో గట్టిగా నొక్కాలి. పిస్టల్‌లో తూటాలు పిడి లోపల ఉంటాయి. మొదటి తూటా గొట్టంలోకి ఎక్కాలంటే పైనున్న స్లైడ్‌ని రెండో చేత్తో గట్టిగా వెనక్కి లాగి వదలాలి. పిస్టల్ పలచన, చొక్కా కింద కనపడదు. రివాల్వర్ చక్రం దగ్గర ఉబ్బెత్తుగా తెలుస్తుంది. పుస్తకంలో రాసినంత వరకూ తేడా ఇంతే.

వచ్చినవాళ్లందరిదీ మొదట ఒకటే ప్రశ్న. "రోజూ నడుముకి పెట్టుకోడానికి ఏది నప్పుతుందండీ?"

రాజు గారు దానికి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అద్దాల బీరువా తాళం కూడా తీసేవారు కాదు. కుర్చీ చూపించి, టీ చెప్పి, సంబంధం మాట్లాడటానికి వచ్చినట్టు ఆరాలు తీసేవారు.

"పేంటు వేస్తారాండీ, పంచె కడతారా? బండి మీద తిరుగుతారా, కారా? ఇంట్లో చిన్నపిల్లలున్నారా? సాయంత్రం ఇంటికెళ్లగానే దీన్ని ఎక్కడ పెడతారు? కళ్లజోడు లేకపోతే ఎంత దూరం కనపడుద్ది?"

చేరిన కొత్తలో నాకు ఇదంతా కాలయాపనగా అనిపించేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను. "ఆయన తుపాకీ కోసం వస్తే మీరు ఆయన పంచె గురించి అడుగుతారేంటండీ?"

"పంచెకి బెల్టుండదయ్యా" అన్నారు రాజు గారు. "ముప్పావు కిలో ఇనుము దేనికి వేలాడదీస్తాడు?"

ఆ పూటే నాకు సగం ఉద్యోగం అర్థమైంది. ఇప్పుడు వచ్చేవాళ్లు ఫోన్లో వీడియోలు చూసి, ఎన్ని తూటాలు పడతాయి, ఎంత దూరం వెళ్తుంది అని అడుగుతారు. మన డెల్టాలో ఉక్కపోతకి మధ్యాహ్నానికల్లా చొక్కా తడిసి నడుముకి అంటుకుంటుందని ఏ వీడియోలోనూ చెప్పరు. తోలు ఒరలో చెమట పట్టి, ఉప్పుగాలి తగిలే రొయ్యల చెరువుల దగ్గర తిరిగే మనిషి రివాల్వర్ ఆరు నెలల్లో ఎర్రగా తుప్పు పట్టడం నేను నా బల్ల మీద చూశాను. బరువుగా ఉందని, గుచ్చుకుంటోందని వారం తిరక్కుండా బీరువాలో పెట్టేసినవాళ్లు లెక్కలేనంతమంది. ఒంటిమీద ఉండని ఆయుధం ఎంత గొప్పదైతే ఏం లాభం?

పంచెలో రివాల్వర్

రాజు గారు గొప్పవారే, కానీ ఆయనకీ బలహీనత ఉంది. పెద్దమనుషులు పొగిడితే మెత్తబడిపోయేవారు. అవతలి ఒడ్డున కొవ్వూరు వైపు నుంచి ఒక పెద్ద కమతందారు వచ్చేవారు. ఆయనకి బీరువాలో ఉన్నవాటన్నింటిలోకీ పొడుగు గొట్టం రివాల్వరే కావాలి. "ఫొటోలో బావుంటది రాజుగారూ" అని ఉన్నమాట చెప్పేశారు కూడా. రాజు గారు నవ్వుతూ ఇచ్చేశారు. పంచె మాటే ఎత్తలేదు.

రెండు నెలలకి ఒక గృహప్రవేశంలో ఆ రివాల్వర్ ఆయన పంచెకట్టులోంచి జారి, బఫే వరసలో, గుత్తివంకాయ గిన్నె ముందు నేలమీద పడింది. పేలలేదు. ప్లేట్లు పట్టుకున్నవాళ్లంతా గోడలకి అతుక్కుపోయారు. ఆయన వంగి తీసుకోబోతే మళ్లీ జారింది. ఆ కథ చెప్పుకుని ఊరంతా నవ్వారు. రాజు గారు మాత్రం నవ్వలేదు.

"పక్కన పిల్లలున్నారటయ్యా" అని ఒక్క మాట అని, ఆ పూట అన్నం తినకుండా షాపులోనే కూర్చున్నారు.

సీతారత్నం గారు

రాజు గారి తప్పు ఎవరికీ దెబ్బ తగలకుండా పోయింది. నా తప్పు అలా పోలేదు.

సీతారత్నం గారికి అప్పుడు నలభై అయిదేళ్లుంటాయి. భర్త పోయాక అరటితోట, వరిచేలు ఆవిడే చూసుకునేవారు. ఆవిడ పొలం దారి మీదుగా ఇసుక లారీలు తిరుగుతుంటే అడ్డుకుని, అధికారులకి అర్జీ పెట్టారు. దాంతో బెదిరింపులు మొదలయ్యాయి. ఒకసారి తోటలో గెలలన్నీ నరికేశారు. పోలీసులు విచారించి నిజమేనని రాస్తే లైసెన్సు వచ్చింది.

ఆవిడ షాపుకొచ్చిన రోజు రాజు గారు పిఠాపురం గుడికి వెళ్లారు. షాపులో నేనొక్కడినే. సీతారత్నం గారు వాళ్ల బావగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ వెనక బెంచీ మీద హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"మా మరదలికండీ. ఆడమనిషి కదా, చిన్నది, తేలిగ్గా ఉండేది చూపించండి" అన్నారు ఆయన.

నాకూ అదే సబబనిపించింది. పలచటి పిస్టల్ ఒకటి తీశాను. ఆయన చేతికిచ్చాను. ఆయన రోజూ తోటలో పనిచేసే మనిషి. స్లైడ్ లాగి వదిలారు. టక్కున పలికింది. "బావుంది" అన్నారు. ఎలా పట్టుకోవాలో, ఎలా విప్పాలో మొత్తం ఆయనకే చూపించాను. ఆవిడ వైపు తిరిగి, "మీకు ఓకేనా అమ్మా?" అన్నాను. ఆవిడ తలూపారు.

మర్నాడు రాజు గారు వచ్చి అమ్మకాల పుస్తకం చూశారు.

"స్లైడ్ ఆవిడ లాగారా?"

"వాళ్ల బావగారు లాగారండీ."

"మోసేది ఎవరు?"

నేను పుస్తకం మూశాను.

"ఫోన్ చెయ్యి. ఒకసారి రమ్మను" అన్నారు.

అలాగేనన్నాను. ఆ రోజు పనిలో పడ్డాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. అది రెండు వారాలైంది.

తరవాత జరిగింది ఆవిడ నోటితోనే విన్నాను. మధ్యాహ్నం స్కూటీ మీద కాలువ గట్టున వస్తుంటే ఇద్దరు బండి అడ్డం పెట్టారు. ఒకడు తాళం చెవి లాక్కున్నాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి, పాస్‌బుక్కులు, కళ్లజోడు డబ్బా తప్పించి, అడుగున ఉన్న పిస్టల్ బయటికి తీశారు. వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారట. అప్పుడు ఆవిడ స్లైడ్ లాగారు. రాలేదు. చేతులు చెమట. మళ్లీ లాగారు. సగం వచ్చి జారిపోయింది. అది చూసి వాళ్లు నవ్వారు. ఒకడు ముందుకొచ్చి గొట్టం పట్టుకుని మెలితిప్పాడు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప రింగులో ఆవిడ చూపుడువేలు ఇరుక్కుని ఎముక విరిగింది. వాడు పిస్టల్‌ని కాలువలోకి విసిరేశాడు.

ఆవిడ అదృష్టం, ఊడ్పులు ముగించుకుని వస్తున్న ఆడకూలీల ట్రాక్టరు అటు వచ్చింది. పదిహేనుమంది దిగి కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చేసరికి వాళ్లు పారిపోయారు.

ఆ పిస్టల్ వేసవిలో కాలువ కట్టేసినప్పుడు గానీ దొరకలేదు. బురదలోంచి తీసి పోలీసులు మా దగ్గరికి పంపారు, పనికొస్తుందో లేదో రాసివ్వమని. ఎన్నో తుప్పు పట్టిన తుపాకులు విప్పాను గానీ, దాన్ని మాత్రం బల్ల మీద పెట్టుకుని సాయంత్రం దాకా విప్పలేదు.

మళ్లీ మొదటినుంచి

ఆ గొడవ జరిగిన పది రోజులకే ఆవిడ చేతికి కట్టుతో షాపుకి వచ్చారు. ఈసారి ఒక్కరే. నేను లేచి నిలబడి, "తప్పు నాదండీ" అన్నాను. ఆవిడ గట్టిగా అరిచినా బావుండేది. నెమ్మదిగా అన్నారు.

"మీరు ఆ రోజు మా బావగారికి అమ్మారండీ. నాకు కాదు."

"మీరైనా లాగి చూస్తానని అనలేదేమండీ?" అని అడిగాను. అడక్కూడని ప్రశ్న. కానీ అడిగాను.

"ఇంటికెళ్లాక లాగి చూశానండీ. రాలేదు. నాకే చేతకావట్లేదనుకున్నాను. మళ్లీ వచ్చి చెబితే, ఈవిడకెందుకు తుపాకీ అంటారని ఊరుకున్నాను."

ఇది చదివే కొత్తవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి. వస్తువు నప్పకపోతే కొన్నవాళ్లు వస్తువుని తప్పు పట్టరు. తమనే తప్పు పట్టుకుంటారు, సిగ్గుపడి నోరు విప్పరు. మనమే అడగాలి. వాళ్ల చేత్తోనే చేయించి చూడాలి.

రాజు గారు ఆవిడని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను పక్కన నిలబడమన్నారు. పేంటు, పంచె ప్రశ్నలకి బదులు ఆవిడ చీర గురించి, స్కూటీ గురించి, రోజులో ఎక్కడెక్కడికి ఒంటరిగా వెళ్తారన్న దాని గురించి గంటసేపు అడిగారు. ఖాళీ రివాల్వర్లు మూడు తీసి ఒకదాని తరవాత ఒకటి ఇచ్చారు. కుడిచెయ్యి పనికిరాదు. ఎడమచేత్తో ట్రిగ్గర్ నొక్కడానికి ప్రయత్నించారు. చివరిదాకా రాలేదు.

రాజు గారు మూడూ తీసి లోపల పెట్టి తాళం వేశారు.

"అమ్మా, ఈ రోజున మీ చేతికి సరిపోయేది నా దగ్గర లేదు. ఇచ్చానంటే మిమ్మల్ని మళ్లీ మోసం చేసినట్టే."

"మరి నన్నేం చెయ్యమంటారండీ?"

"రబ్బరు బంతి ఒకటి కొనుక్కుని ఎడమచేత్తో నొక్కుతూ ఉండండి. ట్రిగ్గర్ మూడుసార్లు వరసగా నొక్కగలిగిన రోజు రండి. అప్పటిదాకా గట్టు మీద ఒంటరిగా వెళ్లకండి. ఆ ట్రాక్టరు వాళ్లతోనే వెళ్లి, వాళ్లతోనే రండి."

ఆవిడ మూడు నెలలకి వచ్చారు. కూర్చోకుండానే ఎడమచెయ్యి చాపారు. ఖాళీ రివాల్వర్ ఇస్తే మూడుసార్లు కాదు, ఆరుసార్లు నొక్కి బల్లమీద పెట్టారు. పొట్టి గొట్టం, పాతకాలపుదిలా కనిపించే మామూలు రివాల్వర్ అది. ఫొటోలో ఏమాత్రం బావుండదు. చీర కుచ్చిళ్లు ఆ బరువు మొయ్యవు, బ్యాగులో పెడితే మళ్లీ పాత కథే. అందుకని బ్యాగులు కుట్టే ఒకావిడ చేత మందపాటి గుడ్డతో వెడల్పు బెల్టు కుట్టించాం. దానికి ఎడమవైపు గట్టి తోలు ఒర పెట్టాను. ట్రిగ్గర్ మొత్తం మూసుకుపోయేలా, కిందపడ్డా జారకుండా పైన పట్టీతో. పమిట కింద కనపడదు. స్కూటీ మీద కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటోందని రెండుసార్లు వెనక్కి తెచ్చారు. రెండుసార్లూ విప్పి మళ్లీ కుట్టించాను. మూడోసారి తేలేదు.

తరవాత పోలీసులకి పట్టుబడ్డ ఆ ఇద్దరి మీద ఆవిడ కోర్టులో సాక్ష్యం చెప్పారు. వాళ్లకి శిక్ష పడింది. లారీలు ఆ దారి వదిలేశాయి. ఆవిడ ఆ రివాల్వర్‌ని ఎవరి మీదా ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఏడాదికోసారి శుభ్రం చేయించుకోడానికి వచ్చేవారు. ఒకసారి అడిగాను, అది ఉంటే ధైర్యంగా ఉందా అని.

"ధైర్యం సంగతి తెలీదు గానీ, అది కట్టుకున్న రోజు నేను ఎవరితోనూ మాట పెంచుకోనండీ" అన్నారు. "ఎవడైనా అడ్డదిడ్డంగా బండి పోనిస్తే నేనే పక్కకి తప్పుకుంటాను. నా నడుముకి ఏముందో వాడికి తెలీదు, నాకు తెలుసు కదా."

లైసెన్సు ఇచ్చే ముందు ఎన్ని పరీక్షలు పెట్టినా, మనిషిలో ఆ నిగ్రహం ఉందో లేదో పట్టే పరీక్ష ఏదీ నాకు కనపడలేదు. అది బొత్తిగా లేనివాళ్లకీ నేను అమ్మాను. లైసెన్సు సరిగ్గా ఉంటే కాదనడం కష్టం. అది నాకు గర్వం కాదు.

ఒక వారం ఆగమన్న రోజు

ఎన్నికలప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లంతా ఆయుధాలు అప్పజెప్పాలి. కొందరు పోలీస్ స్టేషన్లో ఇస్తారు, కొందరు మా దగ్గర పెట్టి రసీదు తీసుకుంటారు. నేను షాపు చూస్తున్న ఆఖరి రోజుల్లో, భీమవరం వైపు రొయ్యల చెరువులున్న సత్యనారాయణ గారని ఒకాయన అలాగే తన రివాల్వర్ మా దగ్గర పెట్టారు. ఎన్నికలు అయిపోయినా తీసుకెళ్లలేదు. ఈలోగా ఆయన నడుపుతున్న కారు బోల్తాపడి, పక్కన కూర్చున్న భార్య పోయారని తెలిసింది.

ఒక ఉదయం షాపు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. రసీదు బల్లమీద పెట్టారు.

పాత కస్టమరు. అంతకుముందు వచ్చినప్పుడల్లా ఒర కుడివైపు బాగా లేదనీ, చెమటకి తుప్పు పడుతోందనీ నా ప్రాణం తీసేవారు. ఆ రోజు ఏమీ అనలేదు.

"పాత ఒర బిగుసుకుపోయింది సార్, మార్చమంటారా?" అన్నాను.

"పర్లేదండీ."

"నూనె రాసి ఇస్తాను. చెరువుల దగ్గర తిరగాలి కదా."

"అక్కర్లేదండీ. అలాగే ఇచ్చేయండి."

రేపటి గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. ఒంటి మీద ఎలా ఉంటుంది, ఎక్కడ దాచాలి, ఎప్పుడు శుభ్రం చెయ్యాలి, ఏదీ లేదు. రసీదు సరైనది, లైసెన్సు సరైనది. ఇవ్వనని అనే హక్కు నాకు లేదు. లోపలికెళ్లి రివాల్వర్ తీసి, చక్రం రెండుసార్లు తిప్పి, మళ్లీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి బయటికొచ్చాను.

"స్ప్రింగ్ మెత్తబడిపోయిందండీ. ఇలా ఇవ్వకూడదు. ఒక వారం పడుతుంది."

ఆయన నా మొహంలోకి చూశారు. "వారమా?" అన్నారు.

"వారమండీ. కూర్చోండి, టీ తాగుదాం."

టీ తాగేదాకా నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. చివరికి అడిగేశాను. "చచ్చిపోదామనుకుంటున్నారా సత్యనారాయణ గారూ?" అలా మొహం మీద అడగొచ్చో లేదో నాకు తెలియదు. కానీ దగ్గర దారి నాకు ఇంకోటి కనపడలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేను షట్టరు సగం దించి, ఆయన ఫోన్లోంచే వాళ్ల తమ్ముడికి ఫోన్ చేశాను. తమ్ముడు వచ్చేదాకా మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. వెళ్లేముందు, "డాక్టరు గారికి చూపించండి, ఈ వారం ఒంటరిగా వదలకండి" అని తమ్ముడికి చెప్పాను. సత్యనారాయణ గారు మాత్రం నా వైపు చూడకుండా, "మీ పని మీరు చూసుకోలేరా?" అని వెళ్లిపోయారు. ఆ మాటకి నేను వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

వారం గడిచింది. రాలేదు. నెల గడిచింది. తమ్ముడు ఫోన్ చేసి, వైద్యం జరుగుతోందని, అన్నయ్య తమ ఇంట్లోనే ఉంటున్నారని చెప్పారు.

నాలుగో నెలలో సత్యనారాయణ గారు తమ్ముడితో కలిసి వచ్చారు. కాస్త ఒళ్లు చేశారు. చొక్కా మాత్రం నలిగి ఉంది. లైసెన్సు వదిలేసుకుంటున్నానని, రివాల్వర్ మా షాపుకే ఇచ్చేస్తానని కాగితం రాసి తెచ్చారు. నేను పని పూర్తిచేసి సంతకం పెట్టించుకున్నాను. మెట్లదాకా వెళ్లి ఆయన ఆగారు.

"ఆ స్ప్రింగుకి ఏమీ కాలేదని నాకు ఆ రోజే తెలుసండీ" అన్నారు. "ఇరవై ఏళ్లు మోశాను, నాకు తెలీదా?"

"మరి అప్పుడే అనలేదేమండీ?"

ఆయన చెప్పులు వేసుకున్నారు.

"ఎవరైనా ఆగమంటారేమోనని చూస్తున్నానేమోనండీ" అన్నారు.